తప్పు రైల్వేదా, మనిషిదా? అమెరికా కోర్టుల్లో 180 ఏళ్ల వాదన

అమెరికాలో ఏదో ఒక గోడౌన్‌లో పనిచేసే మనిషి జారిపడి నడుం విరగ్గొట్టుకుంటే, తప్పు ఎవరిదని సాధారణంగా ఎవరూ అడగరు. ఆ రాష్ట్రపు కార్మిక పరిహార చట్టం ప్రకారం వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం అందుతాయి. అదే మనిషి రైల్వే యార్డులో షంటింగ్ చేస్తూ పడితే లెక్క మారిపోతుంది. కంపెనీ నిర్లక్ష్యం వల్లే దెబ్బ తగిలిందని అతనే రుజువు చేయాలి. చేయలేకపోతే ఆ దెబ్బకు పరిహారం లేదు. చేయగలిగితే జ్యూరీ ఎంతయినా ఇవ్వొచ్చు, చట్టం దానికి పరిమితి పెట్టలేదు. 1908 నాటి ఫెడరల్ ఎంప్లాయర్స్ లయబిలిటీ యాక్ట్ పెట్టిన పద్ధతి ఇది. ఆ రంగంలోని వాళ్లు దాన్ని 'ఫీలా' అంటారు.

ఈ ఒక్క తేడా మీదే అక్కడ ఒక ప్రత్యేక వృత్తి నిలబడింది. రైల్వే కంపెనీల తరఫున గాయాల కేసులు మాత్రమే వాదిస్తూ మొత్తం సర్వీసు గడిపేసిన లాయర్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల పని ఎలా మొదలై ఎలా మారుతూ వచ్చిందో చూస్తే, ఈ చట్టం ఇంత వింతగా ఎందుకు మిగిలిపోయిందో అర్థమవుతుంది.

మొదట్లో రైల్వే లాయర్‌కి పెద్దగా కష్టపడాల్సిన అవసరమే లేదు, చట్టమే ఆయన పక్షాన ఉండేది. 1837లో బోస్టన్ అండ్ వూస్టర్ రైల్‌రోడ్‌లో ఫార్వెల్ అనే ఇంజిన్ డ్రైవర్ ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకున్నాడు. రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే చోట పట్టాలు కలిపే ఉద్యోగి, అంటే పాయింట్స్‌మ్యాన్, వాటిని సరిగా పెట్టకపోవడంతో ఇంజిన్ పట్టాలు తప్పింది. డ్రైవర్ కంపెనీ మీద కేసు వేశాడు. 1842లో మసాచుసెట్స్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: డ్రైవర్‌కి రోజుకి 2 డాలర్ల జీతం ఇస్తున్నారు, ఆ పనిలోని ప్రమాదానికి ధర అందులోనే కలిసి ఉంది, తోటి ఉద్యోగి చేసిన తప్పుకి యజమాని బాధ్యుడు కాడు.

ఈ తీర్పు అమెరికా అంతటా పాకింది. దీనికి ఇంకో రెండు సూత్రాలు తోడయ్యాయి. ప్రమాదం ఉందని తెలిసీ పనిలో చేరావు కాబట్టి అడగకూడదన్నది ఒకటి. నీ పొరపాటు రవ్వంత ఉన్నా మొత్తం పరిహారం పోతుందన్నది ఇంకొకటి. ఈ మూడూ చేతిలో ఉంటే చాలా కేసులు జ్యూరీ దాకా కూడా వెళ్లేవి కావు. ఒక్కటి ఆలోచించండి. మైళ్ల దూరంలో ఉండి, ఎన్నడూ ముఖం చూడని పాయింట్స్‌మ్యాన్ జాగ్రత్తగా ఉన్నాడో లేదో డ్రైవర్ ఎలా కనిపెట్టుకుంటాడు? ఇదే అభ్యంతరాన్ని ఫార్వెల్ లాయర్ కోర్టు ముందు పెట్టాడు. అయినా షా ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లో పని ఎలా ఉండేదో కూడా చెప్పుకోవాలి. రెండు వ్యాగన్లని కలపడానికి లింకు, పిన్ను వాడేవారు. కదులుతున్న వ్యాగన్ దగ్గరికొస్తుంటే బ్రేక్‌మ్యాన్ రెండింటి మధ్యలో నిలబడి, ఇనుప లింకుని చేత్తో పట్టుకుని ఎదుటి వ్యాగన్ సందులోకి దూర్చి, సరిగ్గా ఆ క్షణంలో పిన్ను దించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్లు నలిగిపోయేవి. వేళ్లు పోయిన బ్రేక్‌మ్యాన్‌ని చూసి అనుభవం ఉన్నవాడని గుర్తుపట్టేవారట. రైల్వే ఉద్యోగుల ప్రాణాలకు యుద్ధంలోని సైనికులకు ఉన్నంత ముప్పు ఉందని 1889లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కాంగ్రెస్‌కి చెప్పాడు. 1888 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 2,000 మందికి పైగా ఉద్యోగులు చనిపోయారని, 20,000 మందికి పైగా గాయపడ్డారని లెక్క కూడా చెప్పాడు. ఈలై జానీ తనంతట తానే పట్టుకునే కప్లర్‌కి పేటెంట్ తీసుకుని అప్పటికే 16 ఏళ్లు. చివరికి 1893లో సేఫ్టీ అప్లయన్స్ యాక్ట్ వచ్చి ఆటోమేటిక్ కప్లర్లు, ఎయిర్ బ్రేకులు తప్పనిసరి చేసింది.

చట్టం రాగానే రైల్వే లాయర్లు దానిలోని ప్రతి మాటకీ మెలిక పెట్టడం మొదలుపెట్టారు. 1900 ఆగస్టులో యూటా రాష్ట్రంలోని ప్రొమాంటరీ దగ్గర ఒక బ్రేక్‌మ్యాన్ ఇంజిన్‌ని డైనింగ్ కార్‌కి కలపబోతే చెయ్యి నలిగి తీసేయాల్సి వచ్చింది. సదరన్ పసిఫిక్ తరఫు వాదన వినండి. చట్టంలో 'కారు' అని ఉంది, ఇంజిన్ కారు కాదు. ఇంజిన్‌కీ డైనింగ్ కార్‌కీ వేటికవి కప్లర్లు ఉన్నాయి, ఒకదానికొకటి పట్టకపోతే అది వేరే సంగతి. పైగా ఈ ఫెడరల్ చట్టం రాష్ట్రాల మధ్య రవాణాకే, అంటే అంతర్రాష్ట్ర వాణిజ్యానికే వర్తిస్తుంది, డైనింగ్ కారు ఖాళీగా నిలబడి ఉంది కాబట్టి అది అందులో లేదు. కింది ఫెడరల్ అప్పీలు కోర్టు వీటన్నిటికీ తల ఊపింది. 1904లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. అక్షరాలని పట్టుకుని, చట్టం ఎందుకు పుట్టిందో మరిచిపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ మనసు లేదనుకుంటే పొరపాటే. తర్వాత పేరుమోసిన లాయర్ క్లారెన్స్ డారో షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకి లాయర్‌గా పనిచేశాడు. 1894లో పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ కార్మికులతో మొదలైన సమ్మె వచ్చినప్పుడు ఆ ఉద్యోగం వదిలి, సమ్మె నాయకుడు యూజీన్ డెబ్స్ తరఫున నిలబడ్డాడు.

అసలు మలుపు 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. 1906లో కాంగ్రెస్ తెచ్చిన మొదటి లయబిలిటీ చట్టాన్ని 1908 జనవరిలో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో కొట్టేసింది. రాష్ట్రం లోపలి పనికి కూడా వర్తించడమే దాని లోపం. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ లోపం సరిదిద్దిన కొత్త చట్టం మీద థియొడోర్ రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. 1912లో కోర్టు దాన్ని నిలబెట్టింది. తోటి ఉద్యోగి సూత్రం పోయింది. కార్మికుడి తప్పు కొంత ఉంటే ఆ మేరకు డబ్బు తగ్గుతుందే తప్ప మొత్తం పోదు. బాధ్యత నుంచి తప్పించుకోవడానికి కంపెనీ ముందే రాయించుకునే ఒప్పందాలు చెల్లవు. అప్పటికి ఇది గొప్ప విజయం.

అయితే అదే సమయంలో రాష్ట్రాలు ఇంకో దారి పట్టాయి. తప్పుతో పని లేకుండా పరిహారం ఇవ్వాలన్న న్యూయార్క్ చట్టాన్ని ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు 1911 మార్చి 24న కొట్టేసింది. ఆ కేసు వేసింది కూడా రైల్వే ఉద్యోగే. మర్నాడే న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. రాష్ట్రం తన రాజ్యాంగాన్నే సవరించుకుని చట్టాన్ని మళ్లీ తెచ్చింది.

ఇక 1917. ఈ కథకి కీలకమైన ఏడాది ఇదే అంటాను. న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్‌వే రెండు కేసులు సుప్రీంకోర్టుకి వచ్చాయి. మొదటిది ఒక రాత్రి కాపలాదారుది. కొత్త స్టేషన్ కట్టడానికి తెచ్చిన సామాను కాపలా కాస్తూ చనిపోయాడు. ఇంకా కట్టని స్టేషన్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదు కాబట్టి రాష్ట్ర చట్టం వర్తించింది, అతని భార్యకి పరిహారం దక్కింది. రెండోది ఒక గ్యాంగ్‌మ్యాన్‌ది. పట్టాలని మోసే అడ్డ దిమ్మె (స్లీపర్) కింద కంకర కూరుతుంటే ఒక రాయి ఎగిరి కంటికి తగిలి చూపు పోయింది. ఎవరి నిర్లక్ష్యమూ లేదు. అతను పనిచేస్తున్న పట్టాల మీద రాష్ట్రాల మధ్య తిరిగే రైళ్లు నడుస్తాయి కాబట్టి ఫీలా ఒక్కటే వర్తిస్తుందని, రాష్ట్ర పరిహారం చెల్లదని కోర్టు తేల్చింది. ఫీలా కింద నిర్లక్ష్యం రుజువు కావాలి, అది లేదు. కన్ను పోయిన మనిషికి చట్టబద్ధంగా ఏమీ రాలేదు. కాపాడటానికి తెచ్చిన చట్టమే అతనికి అడ్డు గోడ అయింది. జస్టిస్ లూయిస్ బ్రాండైస్ ఈ తీర్పుతో విభేదించాడు. ఆయన మాట నెగ్గి ఉంటే అమెరికా రైల్వే కార్మికుల చరిత్ర వేరుగా ఉండేదని నా నమ్మకం.

అక్కడి నుంచి డిఫెన్స్ లాయర్ పని రెండు పాయలైంది. ఒకటి: గాయమైన క్షణంలో కార్మికుడు ఏ పనిలో ఉన్నాడు, అది అంతర్రాష్ట్రమా, రాష్ట్రం లోపలిదా? వంతెన బాగుచేయడానికి బోల్టులు మోసుకెళ్తున్నవాడు అంతర్రాష్ట్ర పనిలో ఉన్నట్టే అని 1913లో అన్నారు. రాష్ట్రం లోపలి సరుకు వ్యాగన్లని లాగుతున్న ఇంజిన్‌లో చనిపోయిన ఫైర్‌మ్యాన్ ఆ పనిలో లేనట్టే అని 1914లో అన్నారు. 1939 సవరణ ఈ పేచీని చాలావరకు తీసేసింది. ప్రమాదం తెలిసే చేరావన్న సూత్రాన్ని కూడా అదే సవరణ పూర్తిగా రద్దు చేసింది.

రెండో పాయ కారణానికి సంబంధించింది. 1957 నాటి రోజర్స్ కేసులో కార్మికుడు పట్టాల పక్కన పిచ్చి మొక్కల్ని చేతి కాగడాతో తగలబెడుతున్నాడు. రైలు రావడంతో పక్కకి తప్పుకుని చిన్న కల్వర్టు మీద నిలబడ్డాడు. రైలు గాలికి మంటలు ఎగసి పొగ కమ్మేసింది. వెనక్కి అడుగేస్తే కంకర జారి కింద పడ్డాడు. తప్పు అతనిదేనని మిస్సోరీ సుప్రీంకోర్టు అంటే, యజమాని నిర్లక్ష్యం రవ్వంత కారణమైనా కేసు జ్యూరీకి వెళ్లాల్సిందేనని దేశ సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో 5-4తో అదే మాట మళ్లీ నిలబడింది.

సూత్రాల బలం పోయాక, మిగిలిన యుద్ధమంతా వాస్తవాల మీదే. ఇక్కడే డిఫెన్స్ లాయర్ అసలు నైపుణ్యం కనిపిస్తుంది. ప్రమాదం జరిగిన కాసేపటికే కంపెనీ క్లెయిమ్ ఏజెంట్ వస్తాడు. ఫోటోలు తీస్తాడు, తోటివాళ్లతో మాట్లాడతాడు, దెబ్బ తిన్నవాడి మాటల్ని రికార్డు చేస్తాడు. నొప్పితో ఉన్న మనిషి "కాలు జారింది" అని ఊరకే అన్న మాటే మూడేళ్ల తర్వాత జ్యూరీ ముందు వినిపిస్తుంది. కాలు జారడానికి కారణమైన నూనె మరక సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. గాయం గురించి చెప్పినందుకే ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఇందులో కలిసి ఉండేది. అందుకే 2007లో కాంగ్రెస్ రైల్‌రోడ్ భద్రతా చట్టాన్ని సవరించి, గాయాన్ని రిపోర్టు చేసిన ఉద్యోగి మీద కక్ష సాధించకుండా రక్షణ పెట్టింది. అవతలి పక్షం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సభ్యులకి ఫలానా లాయర్ల దగ్గరికి వెళ్లమని యూనియన్లు చెప్పే ఏర్పాటు చేసుకున్నాయి. అది తప్పు కాదని 1964లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఉద్యోగులు కాని వాళ్ల కేసులు వేరే లోకం. 1934లో పెన్సిల్వేనియాలో పట్టాల పక్క దారిలో రాత్రిపూట నడిచి వెళ్తున్న ఒక నిరుద్యోగి చెయ్యి ఈరీ రైల్‌రోడ్ గూడ్సు తగిలి పోయింది. జ్యూరీ 30,000 డాలర్లు ఇచ్చింది. రైల్వే లాయర్ థియొడోర్ కీండ్ల్ సుప్రీంకోర్టుకి వెళ్లి, ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఇతను అనుమతి లేకుండా నడిచినవాడేనని మాత్రమే వాదించాడు. ఇలాంటి కేసుల్లో రాష్ట్ర కోర్టులు పెట్టిన సూత్రాల్ని ఫెడరల్ కోర్టులు పాటించనక్కర్లేదంటూ 1842 నుంచి నడుస్తున్న మరో పాత తీర్పుని రద్దు చేయమని ఆయన అడగనే లేదు. 1938లో కోర్టు దాన్నే రద్దు చేసేసింది. తీర్పు రాసింది బ్రాండైసే. ఆ దేశంలో ప్రతి లా విద్యార్థీ చదివే ఆ తీర్పుతో చెయ్యి పోయిన మనిషికి మిగిలింది శూన్యం.

మన దగ్గర దారి వేరుగా సాగింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం వచ్చినప్పటి నుంచీ ట్రాక్‌మ్యాన్ కుటుంబం రైల్వే నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర్లేదు. ప్రయాణికుడు రైల్లోంచి పడి చనిపోయినా, రైల్వే చట్టంలో 1994లో చేర్చిన 124ఏ సెక్షన్ కింద అంతే. 2017 నుంచి మరణానికి 8 లక్షలు. అయినా సికింద్రాబాద్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో రైల్వే తరఫు వాదన వినిపిస్తూనే ఉంటుంది: టికెట్ ఉందా, కావాలని దూకాడా అని. టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాకుండా పోడని 2018లో రీనా దేవి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఫీలాని తీసేసి మామూలు పరిహార పద్ధతి పెట్టమని అమెరికా రైల్వేలు చాలాకాలంగా అడుగుతున్నాయి, యూనియన్లు ససేమిరా అంటున్నాయి. కాళ్లు రెండూ పోయినవాడికి జ్యూరీ ఇచ్చేదాంతో పోలిస్తే ఏ గాయానికి ఎంతో చెప్పే రాష్ట్రాల పరిహార పట్టికలోని మొత్తం ఎంత చిన్నదో వాళ్లకి తెలుసు. ఆ భయం న్యాయమైనదే. కానీ కంటికి రాయి తగిలిన గ్యాంగ్‌మ్యాన్ లాంటివాడికి నేటికీ జవాబు లేదు. ఖర్చులకి, జీతానికి తప్పుతో పని లేని కనీస పరిహారం ఇస్తూనే, నిర్లక్ష్యం ఉంటే కోర్టుకెళ్లే హక్కుని అలాగే ఉంచడం అసాధ్యమేమీ కాదని నా అభిప్రాయం.

ఇప్పటి కేసులు ఎక్కువగా రోగాల మీద, ఎక్కడ కేసు వేయాలన్న దాని మీద నడుస్తున్నాయి. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ కింద సొరంగాల్లో ఆస్‌బెస్టాస్ దుమ్ముతో తెల్లబడి పనిచేసిన పైప్‌ఫిట్టర్‌కి, రోగం బయటపడనిదే భయానికి పరిహారం లేదని 1997లో తేల్చారు. ఒహాయో, వర్జీనియాల్లో పనిచేసిన ఒక మెకానిక్ తన క్యాన్సర్‌కి నార్ఫోక్ సదరన్ రైల్వే కంపెనీ వాడించిన రసాయనాలే కారణమంటూ పెన్సిల్వేనియాలో కేసు వేస్తే, ఆ రాష్ట్రంలో వ్యాపారానికి రిజిస్టర్ చేసుకున్న కంపెనీ అక్కడి కోర్టుకి రావాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. ఆ అయిదుగురిలో ఒకరైన జస్టిస్ అలీటో మాత్రం, ఇలాంటి రాష్ట్ర చట్టం అంతర్రాష్ట్ర వాణిజ్యానికి అడ్డంకి అవుతుందేమో ఇంకా చూడాల్సి ఉందని విడిగా రాశాడు. రైల్వే లాయర్లకి తర్వాతి వాదన దొరికింది అక్కడే.