పదో తరగతి లక్ష్య గ్రేడ్లు: అపోహలు - వాస్తవాలు

నేను పదో తరగతికి గణితం చెబుతాను. బడి తెరిచిన కొద్ది రోజులకే ప్రతి విద్యార్థి పేరు ఎదుట ఒక లక్ష్య గ్రేడు రాసిన పట్టిక మా చేతికి వస్తుంది. తొమ్మిదో తరగతి మార్కులే దానికి ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పదో తరగతి ఫలితాలు గ్రేడ్లలో కాక మార్కుల్లోనే వచ్చాయి. తెలంగాణ కూడా జీపీఏను, అంటే గ్రేడ్ల సగటును, వదిలేయాలని 2024 నవంబరులో నిర్ణయించింది. అయినా పైన ఏ1 నుంచి కింద డి దాకా ఉండే ఆ గ్రేడు అక్షరాలు స్టాఫ్ రూములను వదలలేదు.

అపోహ: లక్ష్యం ఎంత పెద్దదైతే పిల్లలు అంత కష్టపడతారు.

వాస్తవం: అందుతుందన్న నమ్మకం ఉన్నంతవరకే. సి2 దగ్గర ఉన్న అబ్బాయికి ఏ1 అని రాసిపెడితే, మొదటి ఫార్మేటివ్ పరీక్ష పేపరు చూసుకున్న రోజే వాడు ఆశ వదిలేస్తాడు. అదే అబ్బాయికి "ఈ నెలాఖరుకు వర్గ సమీకరణాలను కారణాంక పద్ధతిలో సాధించాలి" అని చెబితే రేపు ఏం చేయాలో తెలుస్తుంది.

అపోహ: చదువులో వెనకబడినవారికి చిన్న గ్రేడు లక్ష్యంగా పెడితే ఒత్తిడి తగ్గుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇదే. "పాసైతే చాలు" జాబితాలో పేరు పడిన క్షణం నుంచి ఆ పిల్లలకు మనం చెప్పే పాఠమే మారిపోతుంది. 35 మార్కులకు సరిపడే లెక్కలు ఏరి, వాటినే పదేపదే చేయిస్తాం. కష్టమైన ప్రశ్న వాళ్ల బెంచీ దాకా వెళ్లదు. పిల్లలు ఇదంతా గమనిస్తారు. త్రికోణమితి లెక్క ఒకటి చేయమంటే ఒక అమ్మాయి, "నాది డి లిస్టు కదా సార్, ఇది నాకెందుకు?" అంది. ఆ లెక్కకు కావలసిన నిష్పత్తులన్నీ ఆమెకు వచ్చు. ఆ జాబితా తయారు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

అపోహ: గ్రేడు పిల్లల స్థాయిని సరిగ్గా చూపిస్తుంది.

వాస్తవం: గణితంలో 91 వస్తే ఏ1, 90 వస్తే ఏ2. 81కి, 90కి మాత్రం ఒకే గ్రేడు. ఒక్క మార్కు తేడాతో ఏడ్చిన పిల్లలను చూశాను.

అపోహ: గ్రేడు పక్కన నాలుగు మంచి మాటలు రాస్తే సరిపోతుంది.

వాస్తవం: 1988లో మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తి నిలిచింది, పనితీరూ మెరుగుపడింది. గ్రేడు, వ్యాఖ్య రెండూ అందుకున్నవారికి ఆ మేలు దక్కలేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి స్లిప్ టెస్టు పేపర్లను ముందు వ్యాఖ్యలతోనే ఇస్తున్నాను, మార్కులు రెండు రోజుల తరువాత చెబుతాను. "ఈ మెట్టు దగ్గర ఎందుకు తప్పింది సార్?" అని పిల్లలు పేపరు పట్టుకుని వచ్చేది ఆ రెండు రోజుల్లోనే.