నడిచి కరిగించిన కేలరీలు మళ్లీ తినొచ్చా? ఆ లెక్క పుట్టుక ఇదీ

నల్లగొండలో పానగల్లు చెరువు కట్ట మీదైనా, మహబూబ్‌నగర్ స్టేడియంలోనైనా పొద్దున్నే నడిచేవాళ్ల చేతి గడియారం ఇప్పుడొక అంకె చూపిస్తోంది. ముప్పావు గంట నడిస్తే 287 కేలరీలు ఖర్చయ్యాయంటుంది. ఫోన్లో యాప్ ఆ 287ను ఆ రోజు తిండి కోటాకు కలిపేస్తుంది. బరువు తగ్గాలని నడిచే మనిషి దాన్ని నమ్మి ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకుంటాడు. చాలామందికి బరువు కదలకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

తిండిలో ఎన్ని కేలరీలుంటాయో కొలిచే పద్ధతి పాతదే. 1890లలో అమెరికాలో విల్బర్ అట్వాటర్ మనుషులను గదిలాంటి పెట్టెలో రోజుల తరబడి ఉంచి, ఒంట్లోంచి వెలువడే వేడిని కొలిచాడు. పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు గ్రాముకు 4, కొవ్వుకు 9 అన్న లెక్క ఆయన పని నుంచే వచ్చింది. కదలకుండా పడుకున్నా ఒళ్లు ఎంత ఖర్చు చేస్తుందో ఎత్తు, బరువు, వయసులను బట్టి చెప్పే సూత్రాన్ని 1919లో హారిస్, బెనెడిక్ట్ ఇచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న మిఫ్లిన్ సూత్రం 1990 నాటిది.

అక్కడి నుంచి దారులు రెండయ్యాయి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థది మొదటి దారి. 1918లో కూనూరులో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్ చేరింది. దాని పట్టికలో వ్యాయామం వేరే పద్దుగా ఉండదు. విశ్రాంతి ఖర్చును కూర్చుని చేసే పనికైతే 1.4తో, ఓ మోస్తరు పనికైతే 1.8తో, ఒళ్లు వంచే పనికైతే 2.3తో హెచ్చిస్తారు. 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగవాళ్లకు అవి 2,110, 2,710, 3,470 కేలరీలు. తట్టలు మోసి దేశమంతా కట్టలు కట్టిన పాలమూరు కూలీకి 3,470లోనే ఆ కష్టమంతా ఉంది. పొద్దుగూకినాక మళ్లీ కలిపేదేమీ లేదు.

రెండో దారి 1993లో పడింది. బార్బరా ఐన్స్‌వర్త్ బృందం ఏ పనికి ఎంత ఖర్చో ‘మెట్’లలో పట్టిక వేసింది. ఊరికే కూర్చుంటే 1 మెట్, అంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ. జనాభా సర్వేల కోసం తయారుచేసిన పట్టిక అది, ఒక్కో మనిషి ఖర్చును కచ్చితంగా తేల్చడానికి కాదు. తర్వాత యాప్‌లు దాన్నే తిండి లెక్కలోకి తెచ్చాయి.

ఈ రెండు దారులనూ కలిపేయడమే పెద్ద తప్పు. 40 ఏళ్లు, 170 సెంటీమీటర్లు, 70 కిలోల మగవాడికి మిఫ్లిన్ సూత్రం ప్రకారం విశ్రాంతి ఖర్చు 1,568. యాప్‌లో ‘కూర్చునే పని’ అని పెడితే 1.2తో హెచ్చించి 1,881 అంటుంది. ‘కొద్దిగా వ్యాయామం’ అని పెడితే 1.375తో 2,155. తేడా 274, అంటే నడక అందులో పడిపోయింది. దాని మీద గడియారం అంకె కూడా తింటే ఒకే నడకకు రెండుసార్లు తిన్నట్టు.

ఇక ఆ 287 సంగతి. గంటకు సుమారు ఐదున్నర కిలోమీటర్ల నడకకు 2011లో సవరించిన మెట్ పట్టికలో 4.3 మెట్లు. 70 కిలోలకు, ముప్పావు గంటకు 226 కేలరీలు. ఆ సేపు కుర్చీలో కూర్చున్నా 53 ఎలాగూ ఖర్చయ్యేవి, అవి రోజు కోటాలో ముందే ఉన్నాయి. నడక అదనంగా కరిగించింది 173. పైగా 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షిస్తే, కేలరీల్లో అన్నిటికన్నా మెరుగైనది కూడా 27 శాతం తప్పింది. తప్పు ఎటైనా పోవచ్చు. 226 మీద అంత ఎక్కువ చూపిస్తే 287 అవుతుంది. అది మొత్తం తింటే రోజుకు 114 అదనం. బరువు తగ్గాలని రోజుకు 300 కేలరీలు కోత పెట్టుకున్నవాళ్లకు మిగిలే కోత 186.

తిండి వైపు కూడా పొరపాటు తక్కువేం కాదు. ఒక సర్వపిండి తీసుకోండి: 100 గ్రాముల బియ్యప్పిండి 355, మూడు టీస్పూన్ల నూనె 135, గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 160. మొత్తం 650. అంచుల చుట్టూ, మధ్య గుంటల్లో చెయ్యి వాటంగా పోసిన నూనె ఒక్క చెంచా ఎక్కువైనా ఇంకో 45. ఆ గుప్పెడు పల్లీలే దాదాపు ముప్పావు గంట నడకకు సరి.

అందుకే రోజూ గంటలోపు నడిచేవాళ్లు తిరిగి తినాల్సిన పని లేదు. అందరికీ ఇదే మాట చెప్పడం మాత్రం ప్రమాదం. పోలీసు ఉద్యోగాలకు 1,600 మీటర్ల పరుగు కోసం రెండు పూటలా సాధన చేసే పిల్లలు, గంటకు మించి పరుగెత్తేవాళ్లు, పొలం పని చేసి మళ్లీ వ్యాయామం చేసేవాళ్లు తినకపోతే దెబ్బతింటారు. నిద్ర చెడటం, పొద్దున లేవగానే నాడి మామూలుకన్నా వేగంగా ఉండటం, ఆడపిల్లలకు నెలసరి తప్పడం దాని గుర్తులు. వీళ్లు గడియారం చూపిన అంకెలో సగం తిరిగి తినడంతో మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు నడకలో చెమటలు పట్టి చేతులు వణికితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత షుగర్ పరీక్షించుకోవాలి.

తిన్నది సరిపోతోందో లేదో గడియారం కన్నా తూకం బాగా చెబుతుంది. రోజూ పొద్దున కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు బరువు చూసి వారం సగటు రాసుకోండి. మొదటి వారం తగ్గేది చాలావరకు నీరు, దాన్ని వదిలేయండి. తర్వాతి మూడు వారాల్లో 70 కిలోల మనిషి వారానికి 700 గ్రాములకు మించి తగ్గుతుంటే రోజుకు 150 నుంచి 200 కేలరీలు పెంచండి. అసలు కదలకపోతే ముందు నూనె చెంచాను కొలవండి.