నర్సుల ఒత్తిడి: వార్డు లెక్కలోనే మొదలైన కథ

తెల్లవారుజామున నాలుగు. 30 పడకల వార్డులో ఒక్కరే సిస్టర్. బీపీ, నాడి, జ్వరం, ఆక్సిజన్ చూసి కేస్ షీట్‌లో రాయడానికి మనిషికి నాలుగు నిమిషాలే వేసుకున్నా, అందరినీ చూసేసరికి రెండు గంటలవుతుంది. రక్తం శాంపిళ్లు, అయిపోవస్తున్న డ్రిప్పులు, యూరిన్ బ్యాగుల కొలతలు, ఆరు గంటల ఇంజెక్షన్లు కూడా ఆ రెండు గంటల్లోనే సర్దుకోవాలి. ఎనిమిదింటికి డ్యూటీ అప్పగించి ఇంటికెళ్లాక ఆమెకు నిద్ర పట్టకపోతే ‘మనిషి సున్నితం’ అనేస్తారు. కానీ ఆ నిద్ర చెడగొట్టింది చాలావరకు సిబ్బంది లెక్క. అది నిన్న మొన్నటిది కాదు.

1946లో దేశ ఆరోగ్య వ్యవస్థపై భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలో దాదాపు 43 వేల మందికి ఒక నర్సు ఉండేది. 500 మందికి ఒకరు ఉండాలని కమిటీ కోరింది. మరుసటి ఏడాది నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువుకు ప్రమాణాలు ఏర్పడ్డాయి గానీ వార్డుల్లో కొరతను చాలాచోట్ల విద్యార్థినులతోనే పూడ్చుకుంటూ వచ్చారు.

తర్వాత నర్సింగ్ కౌన్సిల్ ఒక కొలత పెట్టింది: బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు. అందరూ చెప్పేది ఇదే. అయితే అది మూడు షిఫ్టులకూ కలిపి వేసిన లెక్క. షిఫ్టు వారీగా చూస్తే తొమ్మిది మందికి ఒకరు. 30 పడకలకు పది మంది, సెలవుల కోసం 30 శాతం అదనం, వెరసి 13. వార్డుకు రోజుకు పది డ్యూటీలు, వారానికి 70 కావాలి. వీక్లీ ఆఫ్ పోగా 13 మంది చేయగలిగేవి 78. మిగిలిన ఆ ఎనిమిదిలోనే క్యాజువల్ లీవులు, జ్వరాలు, ట్రైనింగులు అన్నీ సర్దాలి. ఒకరు ప్రసూతి సెలవు పెడితే మిగులు రెండుకు పడిపోతుంది. ఇంకొకరు రాకపోతే ఎవరో ఒకరు డబుల్ డ్యూటీ చేయాల్సిందే. ఇదంతా పోస్టులన్నీ నిండి ఉన్నప్పటి మాట. ఖాళీలు, డెప్యుటేషన్లు తోడైతే తొమ్మిది కాస్తా 30 అవుతుంది.

నర్సుల పరిస్థితిపై కేంద్రం వేసిన సరోజిని వరదప్పన్ కమిటీ 1989లోనే వారానికి 40 గంటల పని చాలంది. అదనపు గంటలకు సెలవో డబ్బో ఇమ్మంది. అయినా మన ఆసుపత్రులు చాలావాటిలో నైట్ డ్యూటీ ఇప్పటికీ రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా, అంటే పన్నెండు గంటలు.

ఈ దశాబ్దాల్లోనే పరిశోధన కూడా సాగింది. లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో విద్యార్థి నర్సుల్లో అంత ఆందోళన ఎందుకో, చాలామంది చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ పరిశీలించారు. 1960లో అచ్చయిన ఆ అధ్యయనం ఇప్పటి మన వార్డులోంచి రాసినట్టే ఉంటుంది. ఒకరికి ఇంజెక్షన్లు, ఇంకొకరికి డ్రెస్సింగులు అని పని ముక్కలు చేశారు. రోగిని పేరుతో కాక ‘పదో మంచం లివర్’ అని పిలిచారు. ఆందోళన తగలకుండా చేసిన ఈ ఏర్పాటు దాన్ని తగ్గించలేదు. ఒక మనిషి కోలుకోవడం దగ్గరుండి చూసే తృప్తిని మాత్రం తీసేసింది. 1984లో తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ మరో బాధకు, చేయాల్సింది తెలిసినా చేయలేకపోయే బాధకు, నైతిక వేదన అని పేరు పెట్టారు. పక్షవాతం రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని సిస్టర్‌కు తెలుసు, తిప్పడానికి రెండో మనిషి లేరు. వారం తర్వాత నడుముకు పుండు పడితే సంజాయిషీ ఆమే ఇచ్చుకోవాలి. నన్నడిగితే అలసట కన్నా ఇదే ఎక్కువగా తినేస్తుంది.

2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులపై అధ్యయనం ప్రచురించింది. నర్సుకు ఒక్క రోగి పెరిగితే ఆపరేషన్ చేయించుకున్నవారు నెలలోపు చనిపోయే ముప్పు సుమారు 7 శాతం, పని ఒత్తిడికి నర్సు మనసు పూర్తిగా అలసిపోయే (బర్నౌట్) ముప్పు 23 శాతం పెరిగాయి. కాలిఫోర్నియా 2004 నుంచి నర్సుకు ఎందరు రోగులుండాలో ఆ నిష్పత్తిని చట్టంగా అమలు చేసింది. మన దగ్గర 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతం మీద సిఫారసులు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నెలకు 20 వేలకు తగ్గకూడదంది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు.

రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, డ్యూటీకి బయల్దేరేముందు ఏడుపొస్తున్నా, రోగి నొప్పి మనసుకు తగలకపోయినా ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. వార్డు వరకు ఇన్‌చార్జి సిస్టర్ చేతిలో ఉన్న పనులూ కొన్ని ఉన్నాయి. ఈవినింగ్ డ్యూటీ చేసినవారికి మర్నాడు మార్నింగ్ వేయకూడదు. రిపోర్టు బుక్‌లో రోగుల సంఖ్య పక్కనే ఆ షిఫ్టులో ఎందరు నర్సులున్నారో కూడా ప్రతిసారీ రాయాలి. పొరపాటు మీద విచారణ జరిగిన రోజున ఆ రెండో అంకె చాలాసార్లు ఎక్కడా దొరకదు.