చిట్టీ మీద రాసియ్యి మేడం

నర్సంపేట వైపు ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. పత్తి ఏరే రోజుల్లో ఒక ఆడమనిషి కూలీ వదులుకొని దవాఖానకు వచ్చిందంటే విషయం ముదిరిందనే అర్థం. ముందు నడుము నొప్పి అంటుంది. తర్వాత కాళ్లు గుంజుతున్నాయంటుంది. బీపీ చూసి, గోలీలు రాసి చేతికిచ్చినా కుర్చీలోంచి లేవదు. వెనక వరసలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని ఒకసారి చూసుకొని, ముందుకు వంగి, "తెల్లబట్ట అయితాంది మేడం" అంటుంది. ఆ ఒక్క మాట చెప్పడానికే వచ్చింది.

ఈ గదిలో మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తెల్లబట్ట అయితే ఎముకలు కరిగి పోతున్నట్టే.

ఎముక కరిగి ఆ దారిన రాదు. రెండు నెలసరుల మధ్య గుడ్డు తెల్లసొనలా జిగటగా, వాసన లేకుండా కొంత తడి కావడం మామూలే. కడుపుతో ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువవుతుంది. దురద, విరిగిన పెరుగులా పడటం, పసుపు పచ్చ రంగు, చెడు వాసన, పొత్తికడుపు నొప్పి ఉంటే మాత్రం చూపించుకోవాలి. సబ్బు పెట్టి లోపల కడిగితే తగ్గదు, అక్కడ ఉండే మంచి బ్యాక్టీరియా పోయి ఇంకా పెరుగుతుంది. ఇంకో మాట. తెల్లబట్టకు కారణాల్లో చాలా వాటికి పరాయి సంబంధంతో పనే లేదు. దీన్ని పట్టుకొని భార్య నడతను అనుమానించే అత్తగారిని చూశాను, మొగుణ్ణి అనుమానించే భార్యనూ చూశాను.

భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించినా ఆలస్యం చేయొద్దు. క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. 30 దాటినవాళ్లకు గర్భాశయ ముఖద్వారం పరీక్ష సర్కారు దవాఖానల్లో ఉచితం. పలుచని వెనిగర్ లాంటి ద్రావణం దూదితో అద్ది చూస్తాం, కొన్ని నిమిషాల పని.

అపోహ: పిల్లలు అయిపోయినంక సంచితో పనేముంది? తీయిస్తే పీడ పోతది.

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. అనేవాళ్ల మీద కాదు, వాళ్లతో అనిపించినవాళ్ల మీద. 30 ఏళ్లు దాటీదాటని ఒకామె వచ్చింది. "సంచికి పుండు అయ్యిందంట, ఉంచితే క్యాన్సర్ అయితదన్నరు" అంది. పరీక్ష చేసి చూస్తే, ఆ "పుండు" ముఖద్వారం దగ్గర ఎర్రగా కనిపించే మామూలు పొర. హార్మోన్ల వల్ల చాలామందికి అలా ఉంటుంది, అది క్యాన్సర్‌గా మారదు. దాంతోపాటు ఉన్న ఇన్‌ఫెక్షన్ వారం రోజుల గోలీలకు తగ్గిపోయింది. అప్పటికే ఆపరేషన్ కోసం ఇంట్లో మిత్తికి డబ్బులు మాట్లాడుకున్నారు.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మరునాటి నుంచే ముట్లు ఆగిన వయసు మొదలవుతుంది: ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు పెళుసుబారడం. సంచి ఒక్కటే తీసినా ఆ దశ ముందుగా రావచ్చు. ఎముకలు కరుగుతాయని భయపడి తెల్లబట్టకు ఆపరేషన్ చేయించుకుంటే, చివరికి నిజంగానే ఎముకలు దెబ్బతినేది ఇలా. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, సంచి బాగా కిందికి జారడం లాంటివైతే ఆపరేషన్ అవసరం పడుతుంది, కాదనను. అనవసరంగా సంచులు తీయడాన్ని అడ్డుకోవాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఎవరైనా సంచి తీసేయాలి అని చెబితే ఆ రిపోర్టులు పట్టుకెళ్లి ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి.

అపోహ: రోగం ఆమెది, మందులూ ఆమెకే.

సుఖవ్యాధులకు సర్కారు క్లినిక్‌లో ఇచ్చే మందుల ప్యాకెట్లకు రంగులుంటాయి. బూడిద రంగు ప్యాకెట్ రాస్తే దాన్ని ఇద్దరూ వేసుకోవాలి. ఆమె ఒక్కతే వేసుకుంటే తగ్గుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ వస్తుంది. "మీ మందు పనిచేస్తలేదు" అని మాకు పేరొస్తుంది.

ఆయన ఎక్కడ అంటే బయట వేపచెట్టు కింద, స్ప్లెండర్ మీద ఉంటాడు. "నాకేం రోగం లేదు, నేనెందుకు రావాలె?" అన్నది మామూలు జవాబు. మా సిస్టర్ దీనికో ఉపాయం కనిపెట్టింది. "తమ్మీ, ఒకసారి బీపీ చూస్తం, రా" అంటుంది. బీపీకి మగవాళ్లు సిగ్గుపడరు. అలా లోపలికి వచ్చినతను, చేతికి పట్టీ చుట్టి ఉండగానే నేల చూస్తూ, మూత్రంలో మంట మూడు నెలల నుంచి ఉందని చెప్పాడు. ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు వేయించుకున్నాడట. ఇంట్లో చెప్పలేదు. ఇద్దరికీ ఒకేరోజు మందులిచ్చి, వారం దాకా కలవొద్దని, తర్వాత నిరోధ్ వాడాలని చెప్పాం. మళ్లీ ఆమె ఆ బాధతో రాలేదు.

హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలూ ఇద్దరివీ. హెచ్‌ఐవీ ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి చట్టమే చెబుతోంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితం. మానకుండా వాడి వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గి, అలాగే కొనసాగితే కలయిక ద్వారా ఎదుటివారికి అంటదు.

అపోహ: మగాడు ఆపరేషన్ చేయించుకుంటే బరువు ఎత్తలేడు.

కోత, కుట్టు లేని చిన్న పని, మత్తు ఆ చోటు వరకే. కొద్దిరోజులు విశ్రాంతి తీసుకుంటే యూరియా బస్తా ఎప్పటిలాగే ఎత్తవచ్చు. మూడు నెలల వరకు నిరోధ్ వాడి, వీర్యం పరీక్షలో కణాలు లేవని చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పెళ్లయిన 15-49 ఏళ్ల ఆడవాళ్లలో పిల్లలు పుట్టకుండా తామే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 37.9 శాతం, మొగుడు చేయించుకున్నవాళ్లు 0.3 శాతం. బరువు ఎవరు ఎత్తుతున్నారో తెలుస్తూనే ఉంది.

అపోహ: చుక్క వీర్యం పోతే నలభై చుక్కల రక్తం పోయినట్టే.

కాజీపేట దాకా రైల్లో వెళ్తూ పట్టాల పక్క గోడలు చూడండి, "నరాల బలహీనత" అని ఎన్ని ప్రకటనలో. వీర్యం రోజూ తయారవుతూనే ఉంటుంది. నిద్రలో పోయినా, చేతితో పోయినా నరాలు బలహీనపడవు. ఇంటర్ పిల్లలు ఈ టెన్షన్‌తో చదువు మానుకోవడమే అసలు నష్టం. నలభై దాటినవాళ్లకు పటుత్వం తగ్గితే గోడ మీది నంబరుకు కాదు, షుగర్, బీపీ పరీక్షకు వెళ్లాలి. తాగుడు, గుట్కా, సిగరెట్ కూడా కారణాలే. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే గోలీ వాడేవాళ్లు పటుత్వానికి గోలీ కొని వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: పెళ్లయినంక అడిగేదేముంది?

రెండో కాన్పు అయి నెల తిరగని అమ్మాయి, బిడ్డ టీకాకని వచ్చి, "చిట్టీ మీద రాసియ్యి మేడం" అంది. ఏం రాయాలంటే, "ఆయనను దగ్గరికి రావొద్దని." నువ్వే చెప్పొచ్చు కదా అన్నాను. "నేను జెప్తే ఇనడు. తాగొస్తడు. మీ ముద్ర ఉంటే ఇంటడు."

పద్దెనిమిది దాటిన భార్య విషయంలో మన శిక్షా చట్టం మొగుడి బలవంతపు కలయికను అత్యాచారంగా లెక్కించదు. 2005 గృహ హింస చట్టం మాత్రం లైంగిక హింసనూ గృహ హింసలోనే చేర్చింది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సర్కారు సఖి కేంద్రానికి వెళ్లవచ్చు. ఈ రెండూ ఆ అమ్మాయికి చెప్పాను. తల ఊపింది, చిట్టీ వైపే చూసింది.

రాసిచ్చాను. అప్పటి నుంచి చాలా రాశాను. ఎంబీబీఎస్ సిలబస్‌లో లేని పని ఇది. మొదట్లో "ఆరు వారాలు" అని రాసేదాన్ని. నలభై మూడో రోజు చిట్టీ తీసి లెక్క చూపించే మొగుళ్లున్నారని తెలిశాక మానేశాను. ఇప్పుడు "ఆమె సరే అనేవరకు" అని రాసి, కింద ముద్ర వేస్తున్నాను.