మూత కింది రబ్బరు రింగు

అణు విద్యుత్ కేంద్రంలో వాడేసిన ఇంధనం అంటే పని అయిపోయిన ఇంధనమే గానీ, ప్రమాదం తీరిన ఇంధనం కాదు. కొన్నేళ్లు నీళ్లలో ఉంచి చల్లార్చినా దాన్నుంచి వేడి, రేడియేషన్ వస్తూనే ఉంటాయి. దాన్ని మరో చోటికి తరలించడానికి క్యాస్కులు వాడతారు. ఇవి మందపాటి గోడలున్న భారీ పీపాలు. పెద్దవి వంద టన్నులు దాటుతాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమాల ప్రకారం ఇలాంటి క్యాస్క్ 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం లొంగని నేల మీద పడినా, 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉన్నా తట్టుకోవాలి. మైనస్ 40 డిగ్రీల చలినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇదంతా వింటే ఎవరి చూపైనా ఉక్కు మీదికే పోతుంది. నాకు మాత్రం మూత కింద గాడిలో కూర్చున్న రబ్బరు రింగు గురించే టెన్షన్. ఉక్కు ఎంత మందమైనా, మూతకీ పీపాకీ మధ్య సందు మూసేది చాలా డిజైన్లలో ఆ రబ్బరే.

బోల్టులు బిగిస్తే రింగు నలుగుతుంది. నలిగిన రబ్బరు తిరిగి పైకి లేవాలని చూస్తుంది. ఆ ఒత్తిడే సందును మూస్తుంది. అందుకే పరీక్షల్లో మొదట అడిగే ప్రశ్న, ఇన్నాళ్లు నలిగాక కూడా ఇది లేస్తుందా అని. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న రింగును 7.5కి నొక్కి, నెలల తరబడి వేడి ఓవెన్‌లో ఉంచారనుకుందాం. బయటికి తీసి వదిలితే 9 దాకానే లేచింది. నొక్కిన 2.5లో 1 మిల్లీమీటరు తిరిగి రాలేదు, అంటే 40 శాతం పోయినట్టే.

ఓవెన్ ఎందుకంటే, ఏళ్ల తరబడి జరిగే ముసలితనాన్ని నెలల్లో చూడాలి కాబట్టి. వేడి పెరిగితే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. అలాగని వేడి మరీ పెంచితే లెక్క తప్పుతుంది. ఆక్సిజన్ లోపలికి చేరేలోపే పైపొరలో ఖర్చయిపోతుంది. పైన గట్టిపడి, లోపల మెత్తగా మిగిలిన రబ్బరు అసలు కథ చెప్పదు. రేడియేషన్ వేరే దారిలో పాడు చేస్తుంది. రబ్బరులోని పొడవాటి అణుగొలుసుల్ని కొన్నిచోట్ల తెంపుతుంది, కొన్నిచోట్ల ఒకదానికొకటి కట్టేస్తుంది.

లీక్ ఉందో లేదో హీలియంతో చూస్తారు. చాలా చిన్న అణువు కదా, ఏ సన్నని సందైనా దూరిపోతుంది. కాకపోతే అది రబ్బరు గుండా కూడా మెల్లగా ఇంకి బయటపడుతుంది. అది ఇంకిన హీలియమా, లీకైన హీలియమా తేల్చుకోవాలి.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. జర్మనీ పరిశోధన సంస్థ బామ్ పరీక్షల్లో, బాగా ముసలిదైన రింగు కూడా కదపకుండా ఉంచితే లీక్ కాలేదు. బిగించి ఉన్నంతసేపూ గాడి అంచును అంటుకునే ఉంది. అది చూసి రబ్బరు బాగుందనుకుంటే పొరపాటే. ప్రయాణంలో దెబ్బ తగిలితే మూత వెంట్రుకవాసి లేవచ్చు. ఆ క్షణంలో రింగు కూడా దాని వెంటే లేవాలి. అందుకే పరీక్షలో కావాలనే ఒత్తిడిని చటుక్కున కొద్దిగా సడలిస్తారు. లేవలేని రింగు అక్కడ దొరికిపోతుంది.

చలికి బిగుసుకున్న రబ్బరు కూడా ఇలాగే దొరుకుతుంది. కాకపోతే దాన్ని గది వేడికి తెస్తే మళ్లీ లేచి సందు మూసేస్తుంది. ముసలిదైన రబ్బరును ఎంత వెచ్చబెట్టినా పోయిన సాగుడు తిరిగిరాదు, ఆ రింగు తీసేసి కొత్తది వేయాల్సిందే.