నాలుగు బైట్ల బాకీ: లైనక్స్ ట్రేసింగ్ కోడ్ వెనక కథ

2024 జనవరి చివర్లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కూ, కెర్నెల్ ట్రేసింగ్ విభాగాన్ని ఏళ్లుగా చూసుకుంటున్న స్టీవెన్ రోస్టెడ్‌కూ మాటామాటా పెరిగింది. గొడవ ఐనోడ్ సంఖ్య గురించి. ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ఫైలుకూ ఉండే వరస నంబరు అది. ట్రేసింగ్ ఫైళ్లన్నిటికీ వేర్వేరు నంబర్లు ఇవ్వాలని రోస్టెడ్ ఒక ప్యాచ్ (కోడ్‌లో చేయాల్సిన మార్పు) పంపారు. డిస్కు మీద లేని ఉత్తుత్తి ఫైళ్లకు ఆ నంబర్లతో పనేమిటని టోర్వాల్డ్స్ అడిగారు. ఆ నంబర్లిచ్చే పాత ఫంక్షన్‌ను (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను), అది అలా ఎందుకుందో తెలుసుకోకుండా నకలు చేశారని ఘాటుగానే మందలించారు. సాంకేతిక వార్తల సైట్లు ఆ ఘాటును పతాక శీర్షికలకు ఎక్కించాయి. ఐనోడ్ నంబరు దాకా ఈ కోడ్ ఎలా వచ్చిందన్నది మాత్రం వాటిలో పెద్దగా కనిపించలేదు. అది తెలియాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ట్రేసింగ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నెల్. అది ఆగితే యంత్రమే ఆగిపోతుంది కాబట్టి, ఆపి లోపల చూడటం కుదరదు. నడుస్తుండగానే ఏ ఫంక్షన్ ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎవరు అడ్డొచ్చారు అన్నది రాసిపెట్టుకోవాలి. ఆ రాసిపెట్టే పనే ట్రేసింగ్. ఇలా రాసేవాడు తన అడుగుల చప్పుడు వినపడకుండా నడవాలి. రాయడం వల్లే యంత్రం నెమ్మదిస్తే, మనం కొలిచింది జబ్బును కాదు, థర్మామీటర్ వేడిని.

2000ల మొదట్లో ఈ పనికి లైనక్స్‌లో నాలుగైదు దారులు ఉండేవి, ఒకటీ రాజమార్గం కాదు. కరీమ్ యాగ్మూర్ 1999లో మొదలుపెట్టిన ఎల్‌టీటీ (లైనక్స్ ట్రేస్ టూల్‌కిట్) ఎన్నాళ్లైనా ప్రధాన కెర్నెల్‌లోకి రాలేకపోయింది. నడుస్తున్న కెర్నెల్‌లో దాదాపు ఏ సూచన (ఇన్‌స్ట్రక్షన్) దగ్గరైనా కొక్కెం తగిలించే కేప్రోబ్స్ 2004లో 2.6.9 వెర్షన్‌తో లోపలికి వచ్చింది. ఐబీఎమ్ ఇంజినీర్ల చేతి పని అది. ఆ తర్వాతి ఏడాది సన్ కంపెనీ తన ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 10తో పాటు డీట్రేస్‌ను విడుదల చేసింది. పనిచేస్తున్న సర్వర్ మీద నిర్భయంగా వాడగల ట్రేసర్ అంటే ఎలా ఉంటుందో దానితోనే లోకానికి తెలిసింది. లైనక్స్ వాళ్లు బయటికి ఎన్ని లోపాలు ఎంచినా, లోపల ఈర్ష్య పడ్డారనే నా అనుమానం.

ఇక్కడ మనవాళ్లకు ఆసక్తి కలిగించే ముక్క ఒకటుంది. కేప్రోబ్స్ కెర్నెల్‌కు చేసే పనినే మామూలు ప్రోగ్రాములకు చేసే యూప్రోబ్స్ 2012లో 3.5 వెర్షన్‌లో చేరింది. దాని ట్రేసింగ్ ఫైలు తెరిస్తే తలకట్టులో ఐబీఎమ్ కాపీరైట్, 2010–2012 సంవత్సరాలు, కింద రచయితగా శ్రీకర్ ద్రోణంరాజు పేరు కనిపిస్తాయి. కెర్నెల్ కోడ్ తిరగేస్తున్న తెలుగు విద్యార్థికి ఆ ఇంటిపేరు దగ్గర చూపు ఒక క్షణం ఆగుతుంది.

అయితే ఈనాటి ట్రేసింగ్ విభాగానికి అసలు పుట్టిల్లు వేరే. లైనక్స్‌ను రియల్ టైమ్ వ్యవస్థగా, అంటే గడువు తప్పకుండా స్పందించేదిగా మలచాలని ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు ప్రధాన కెర్నెల్‌కు బయట ప్యాచ్‌లు రాస్తుండేవారు. రోస్టెడ్ కూడా ఆ జట్టులోని మనిషే. వాళ్లకు మైక్రోసెకన్ల లెక్క కావాలి: హార్డ్‌వేర్ పంపే అంతరాయాన్ని (ఇంటరప్ట్‌ను) ఎవరు ఆపి ఉంచారు, ఎంతసేపు ఆపారు? అందుకోసం మోల్నార్ రాసుకున్న జాప్యం పట్టే పనిముట్టు, రోస్టెడ్ సొంతానికి రాసుకున్న మరో పనిముట్టు కలిసి ఎఫ్‌ట్రేస్ అయ్యాయి. 2008 అక్టోబర్ 9న వెలువడిన 2.6.27లో అది ప్రధాన కెర్నెల్‌లో అడుగుపెట్టింది. ఆ గృహప్రవేశం మాత్రం అపశకునంతో జరిగింది.

ఎఫ్‌ట్రేస్ యుక్తి ఇది. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఒక ఐచ్ఛికం ఇస్తే ప్రతి ఫంక్షన్ గుమ్మంలోనూ ఒక పిలుపును పెడుతుంది. ఎక్స్86 (ఇంటెల్ రకం ప్రాసెసర్) యంత్రంలో ఆ పిలుపు ఐదు బైట్లు. పదివేల కొద్దీ ఫంక్షన్లు పిలిచినప్పుడల్లా ఆ పిలుపు కూడా నడిస్తే యంత్రం ఈడిగిలపడుతుంది. అందుకని ట్రేసింగ్ వాడనప్పుడు ఆ ఐదు బైట్లను ఏమీ చేయని ఐదు బైట్ల సూచనతో నింపుతారు. కావలసినప్పుడు మళ్లీ పిలుపును రాస్తారు. అంటే కెర్నెల్ నడుస్తూనే తన కోడ్‌ను తానే దిద్దుకుంటుంది. మొదటి రూపంలో ఈ దిద్దుబాటు ఇలా సాగేది: ఫంక్షన్ మొదటిసారి నడిచినప్పుడు దాని చిరునామా ఒక పట్టికలో చేరుతుంది, సెకనుకోసారి ఒక కెర్నెల్ పనివాడు లేచి ఆ పట్టికలోని చోట్లన్నీ మార్చి వస్తాడు.

2008 సెప్టెంబర్‌లో పరీక్ష వెర్షన్లు నడుపుతున్నవాళ్ల యంత్రాల్లో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపడటం మొదలైంది. రీబూట్ చేస్తే బాగుపడే రకం కాదు. కార్డు మీద శాశ్వతంగా ఉండాల్సిన సమాచారమే చెడిపోయింది. అనుమానం సహజంగానే ఆ కార్డులను నడిపే ఇ1000ఇ డ్రైవర్ మీదికి పోయింది. ఇంటెల్ వాళ్లు కార్డు మీది ఆ మెమరీకి తాళం వేసే ప్యాచ్ పెట్టారు. రోగం ఎక్కడిదో మాత్రం తెలియలేదు. చివరికి తీగ లాగితే డొంక ఎఫ్‌ట్రేస్ పెరట్లో కదిలింది.

జరిగింది ఇది. ఒక మాడ్యూల్ (నడుస్తున్న కెర్నెల్‌కు తగిలించే కోడ్ ముక్క) ఎక్కేటప్పుడు ఒక్కసారి మాత్రమే నడిచే ప్రారంభ కోడ్ ఉంటుంది. పనయ్యాక కెర్నెల్ ఆ చోటును ఖాళీ చేసి వేరేవాళ్లకు ఇస్తుంది. కానీ ఎఫ్‌ట్రేస్ పట్టికలో ఆ పాత చిరునామా అలాగే ఉండిపోయింది. ఖాళీ అయిన ఆ చిరునామా నెట్‌వర్క్ కార్డు మెమరీకి దక్కింది. సెకనుకోసారి లేచే పనివాడు అక్కడికి వచ్చాడు. వాడు గుడ్డిగా రాసే రకమేమీ కాదు. ఉండాల్సిన బైట్లు ఉన్నాయో లేదో పోల్చి, సరిపోతేనే మార్చే సూచన వాడేవాడు. ఇక్కడ సరిపోలేదు, కాబట్టి ఏమీ మారకూడదు. అయితే ఎక్స్86లో ఆ సూచన, సరిపోకపోయినా పాత విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. హార్డ్‌వేర్ కిటికీ మీద అదే రాత పడితే ఏమవుతుందో చెప్పలేం. ఖాళీ చేసి వెళ్లిన అద్దె ఇంటికి పాత తాళంచెవితో వచ్చి, తలుపు తెరుచుకోకపోయినా గొళ్లెం విరగ్గొట్టి పోయినట్టయింది.

వారం తిరగకుండా వచ్చిన 2.6.27.1 ఆ సౌకర్యాన్ని కట్టిపడేసింది. తర్వాత 2.6.28 నాటికి రోస్టెడ్ ఆ భాగాన్ని కొత్తగా కట్టారు. పిలుపుల చిరునామాల జాబితాను కంపైల్ చేసేటప్పుడే తయారు చేసుకోవడం, సెకనుకోసారి లేచే పనివాడిని పూర్తిగా ఇంటికి పంపడం, ప్రతి దిద్దుబాటుకూ ముందు పదిరకాల పరీక్షలు చేసి, ఏ చిన్న తేడా కనిపించినా మొత్తం ట్రేసింగ్‌నే ఆపేయడం. ఈ కోడ్ చదివినవాళ్లకు ఇంత భయం ఎందుకా అనిపిస్తుంది. ఆ భయం వయసు 2008 నాటిది.

రెండో పాఠానికి హార్డ్‌వేర్ అక్కర్లేకపోయింది, నాలుగు బైట్లు చాలాయి. 2009 నుంచి ట్రేస్ ఈవెంట్లు వచ్చాయి. నిద్రలోంచి లేచిన ప్రాసెస్, డిస్కుకు వెళ్లిన అభ్యర్థన వంటి ముఖ్య ఘటనల దగ్గర నాటిన గుర్తులవి. ఒక్కో ఘటనలో ఏ అంశం ఎన్నో బైటు దగ్గర ఉందో చెప్పే ఫార్మాట్ ఫైలు పక్కనే ఉంటుంది. దాన్ని చదివి, దాని ప్రకారం నడుచుకోవాలన్నది ఒప్పందం. ఇవన్నీ డీబగ్‌ఎఫ్ఎస్ అనే చోట ఉండేవి. అక్కడి ఫైళ్లకు హామీ లేదని, ఎప్పుడైనా మారవచ్చని ఆ చోటు పేరే చెబుతోంది కదా అని ట్రేసింగ్ వాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

ఆ రోజుల్లో ప్రతి ఘటన తలభాగంలోనూ కెర్నెల్ పెద్దతాళం (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే బిగ్ కెర్నెల్ లాక్) లోతు చెప్పే నాలుగు బైట్లు ఉండేవి. 2011లో ఆ పెద్దతాళమే కెర్నెల్‌లోంచి పోయింది. తాళమే లేనప్పుడు లోతెక్కడిది? రోస్టెడ్ ఆ నాలుగు బైట్లు తీసేశారు. వెంటనే విద్యుత్ వాడకం కొలిచే పవర్‌టాప్ పనిచేయడం మానేసింది. దాని రెండో వెర్షన్ బీటా ఫార్మాట్ ఫైలు చదవడం లేదు, అంశాల చోట్లను తనలోనే గట్టిగా రాసుకుంది. తప్పు ఎవరిదన్నది వాదనకే తప్ప తీర్పుకు పనికిరాలేదు. వాడుకరి ప్రోగ్రామును కెర్నెల్ విరగ్గొట్టరాదన్నది టోర్వాల్డ్స్ పెట్టిన తిరుగులేని నియమం. నాలుగు బైట్లు వెనక్కి వచ్చాయి, లోపల ఏమీ లేకుండా, ఉత్త పూరకంగా.

ఆ పూరకాన్ని చివరికి తీసేస్తూ 2013 జనవరిలో రోస్టెడ్ రాసిన ప్యాచ్ వివరణ నాకు భలే నచ్చుతుంది. చాలా ఘటనల పరిమాణం 24 బైట్లే. అందులో నాలుగు వృథా అంటే ఘటనలు రాసిపెట్టే బఫర్‌లో 16 శాతం. పది లక్షల ఘటనలకు నాలుగు మెగాబైట్ల ఖాళీ. మరి ఎలా తీయగలిగారు? 64 బిట్ల కెర్నెల్ మీద 32 బిట్ల పవర్‌టాప్ నడిపితే చోట్లు సరిపోక అదే విరిగిపోతోందని తేలింది. దాంతో దాని తుది వెర్షన్ బుద్ధిగా ఫార్మాట్ ఫైలు చదవడం నేర్చుకుంది. అది ప్రధాన డిస్ట్రిబ్యూషన్లన్నిటికీ చేరేదాకా ఆగి, అప్పుడు తీశారు. ఎవరూ చదవని నాలుగు బైట్లను వదిలించుకోవడానికి పట్టిన కాలం రెండేళ్లు.

చూసినవాళ్లందరూ గుణపాఠం నేర్చుకున్నారు, ట్రేసింగ్ వాళ్లకు నచ్చని రీతిలో. ఒకసారి ట్రేస్ గుర్తు నాటితే, దాని మీద ఎవరో ఒక ప్రోగ్రాము రాస్తారు. ఆపైన మన సొంత కోడ్‌ను మనమే మార్చుకోలేం. అందుకని ఫైల్ సిస్టమ్‌ల పైపొర అయిన వీఎఫ్ఎస్‌ను కాపాడే అల్ వైరో తన ఇలాకాలో గుర్తులు నాటనివ్వనని భీష్మించారు. ఏ ప్రాసెస్ ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ వాళ్లు 2019లో మధ్యేమార్గం కనిపెట్టారు: గుర్తు ఉంటుంది కానీ ట్రేసింగ్ ఫైళ్లలో కనపడదు, కావాలంటే మాడ్యూల్ రాసుకుని తగిలించుకోవాలి. బోర్డు లేని దుకాణం అన్నమాట. తెలిసినవాడే వస్తాడు, రేపు మూసేస్తే గొడవపడడు.

బయట మాత్రం గిరాకీ పెరుగుతూనే వచ్చింది. 2015లో 4.1 వెర్షన్‌తో బీపీఎఫ్ ప్రోగ్రాములను (కెర్నెల్ లోపల భద్రంగా నడిచే చిన్న ప్రోగ్రాములను) కేప్రోబ్స్‌కు తగిలించడం సాధ్యమైంది. ట్రేసింగ్ అన్నది కెర్నెల్ రాసేవాళ్ల పనిముట్టు స్థాయి దాటి సర్వర్లు నడిపేవాళ్ల రోజువారీ అవసరమైంది. అదే వెర్షన్‌లో ట్రేసింగ్ ఫైళ్లకు ట్రేస్‌ఎఫ్ఎస్ పేరుతో సొంత ఇల్లు దొరికింది. భద్రత కోసం డీబగ్‌ఎఫ్ఎస్‌ను మూసి ఉంచాలనుకునేవాళ్లు కూడా ట్రేసింగ్ వాడుకోవాలి కదా.

ఆ ఇల్లు ఫైళ్లతో నిండిపోయింది. ఒక్కో ఘటనకు ఒక డైరెక్టరీ. అందులో ఆన్ చేసే ఫైలు, వడపోత ఫైలు, ఫార్మాట్ ఫైలు, గుర్తింపు నంబరు, ఇలా అరడజను. ఘటనలు వందలు దాటి వేలల్లో పడ్డాయి. పైగా వేర్వేరు పనులకు వేర్వేరు బఫర్లు కావాలంటే, ఒక్కో బఫర్‌తో పాటు ఘటనల డైరెక్టరీలన్నిటికీ మరో నకలు పుడుతుంది. ఎవరూ తెరవని ఫైళ్లు మెగాబైట్ల కొద్దీ మెమరీ తింటూ కూర్చున్నాయి. ఎంబెడెడ్ యంత్రాల్లో ఏ పనిముట్టూ లేకుండా ఉత్త షెల్‌తో వాడుకోవాలని మొదట్లో చేసిన మంచి నిర్ణయం ఇక్కడ భారమైంది. ఫైలు తెరిచినప్పుడే దాన్ని పుట్టించి, అవసరం తీరాక మాయం చేసే ఈవెంట్‌ఎఫ్ఎస్‌ను వీఎంవేర్‌కు చెందిన అజయ్ కాహెర్, రోస్టెడ్‌తో కలిసి తయారు చేశారు. అది 2023 అక్టోబర్‌లో 6.6తో వచ్చింది.

అలా ఏళ్ల తరబడి తమను గడప తొక్కనివ్వని వీఎఫ్ఎస్ నేల మీదే ట్రేసింగ్ వాళ్లు ఇల్లు కట్టాల్సి వచ్చింది. అక్కడి కట్టుబాట్లు పుస్తకాల్లో తక్కువ, పెద్దల తలల్లో ఎక్కువ. ఈవెంట్‌ఎఫ్ఎస్ తన లెక్కలో లేని వస్తువులకు సూచికలు దాచుకునేది. వరసగా బగ్‌లు వచ్చాయి. ఒక దశలో ఫైళ్లకూ డైరెక్టరీలకూ ఒకే ఐనోడ్ నంబరు ఇచ్చేస్తే, వెతికే ఫైండ్ కమాండ్ ఇదేదో తిరుగుడు చక్రం అనుకుని మొరాయించింది. దాంతో డైరెక్టరీలకు వేరే నంబర్లు ఇచ్చారు. తర్వాత ఫైళ్లకూ ఇద్దామన్నదే జనవరి నాటి ప్యాచ్. టోర్వాల్డ్స్ తిట్టి ఊరుకోలేదు. కూర్చుని ఆ కోడ్‌ను తన చేత్తో సరళం చేసి ప్యాచ్‌లు రాశారు, రోస్టెడ్ వాటిని పరీక్షించి, దిద్ది, తన కోడ్ చెట్టులోకి (ట్రీలోకి) తీసుకున్నారు. మార్చిలో విడుదలైన 6.8 ఆ రూపంతోనే వచ్చింది. ఇద్దరిలో ఎవరిది న్యాయం అంటే, కోడ్ విషయంలో టోర్వాల్డ్స్‌దే. అయితే వాడుకలో ఉన్న పనిముట్టు విరిగితే మొదట ఉలిక్కిపడే గుణం రోస్టెడ్‌కు ఎవరు నేర్పారో కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకా తీరని బాకీ ఒకటుంది. 2015లో ఇల్లు మారినప్పుడు, పాత స్క్రిప్టుల కోసం డీబగ్‌ఎఫ్ఎస్ కింద ట్రేసింగ్ అనే పాత డైరెక్టరీని కూడా ఉంచారు. డీబగ్‌ఎఫ్ఎస్‌ను తగిలిస్తే దాని కింద ట్రేస్‌ఎఫ్ఎస్ దానంతటదే ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడు ఆ సదుపాయం కెర్నెల్ పత్రాల్లో కాలం చెల్లినవాటి జాబితాలోకి చేరింది. తొలగించడానికి అక్కడ రాసుకున్న గడువు 2030 జనవరి.