గుర్రం ఎఫ్7కి దూకినప్పుడు మా బావ చూపు యాడుంది?

మా మేనత్త కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, తిరుపతి నించి శ్రీసిటీకి కంపెనీ బస్సులో డ్యూటీకి పోతాడు. పోను గంటన్నర పైనే, రాను అంతే, ఆ టైమంతా ఫోన్‌లో చెస్ ఆడతానే ఉంటాడు. పది నిమిషాల గేములు, రేటింగ్ 1180 దగ్గర, మూడేళ్ళుగా ఆ చుట్టుపక్కలే తిరుగుతా ఉంది, 1250కి ఎక్కుతుంది మళ్ళీ 1150కి దిగుతుంది. పోయిన వేసవిలో ఒక ఆదివారం బైరాగిపట్టెడలో వాళ్ళ మిద్దె మీద కూర్చోనుంటే ఫోన్ నా చేతికిచ్చి, "అబ్బయ్యా, నేను అటాకింగ్ ప్లేయర్‌నా, పొజిషనల్ ప్లేయర్‌నా? నా గేములు చూసి చెప్పు, యాడ ఆగిపోయినానో నాకు అర్థం కాలేదు" అన్నాడు. (అటాకింగ్ అంటే నేరుగా దాడికి దిగేవాడు, పొజిషనల్ అంటే పావుల్ని మంచి చోట్లకి చేర్చుకుంటా నిదానంగా ఆడేవాడు.)

నేనేమీ పెద్ద ఆటగాణ్ణి కాదు, కానీ మనిషి మెదడు ఎట్లా పని చేస్తుందో చదవడం నాకు ఇష్టం, చెస్ ఆటగాళ్ళ మీద జరిగినన్ని పరిశోధనలు వేరే ఏ ఆట మీదా జరగలేదేమో అనిపిస్తుంది. అందుకే సరే అన్నాను, అప్పటినించి ఆదివారం ఆదివారం ఆయన ఓడిపోయిన గేములు ఒక్కొక్కటే తీసి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటా వచ్చినాం. (మా ఇళ్ళల్లో రూక్‌ని ఏనుగు, బిషప్‌ని ఒంటె, క్వీన్‌ని మంత్రి అంటాం, ఈడ కూడా అట్లే రాస్తా. గడి పేరులో అక్షరం నిలువు వరస, ఎడమ నించి కుడికి ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్; అంకె అడ్డ వరస, తెల్లవాళ్ళ వైపు నించి 1 మొదలు 8 దాకా.)

ముందు ఆ 1180 సంగతి. చాలామంది దాన్ని పరీక్షలో మార్కుల్లాగా చూస్తారు, అది మార్కు కాదు, పోలిక. అమెరికాలో స్థిరపడిన హంగరీ మనిషి, ఫిజిక్స్ ప్రొఫెసర్ అర్పాద్ ఎలో తయారు చేసిన లెక్క, అమెరికా చెస్ ఫెడరేషన్ 1960లో తీసుకుంది, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. ఇద్దరి మధ్య తేడా 200 ఉంటే వంద గేముల్లో పైవాడికి సుమారు 76 పాయింట్లు రావాలి, 400 ఉంటే 91 దాకా రావాలి, గెలుపుకి ఒకటి డ్రాకి అర. అంతకు మించి ఆ నంబర్ మనకి ఏమీ చెప్పదు. ఇప్పుడు ఆన్‌లైన్ సైట్లు వాడేది మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికో పద్ధతి, దాంట్లో రేటింగ్‌తో పాటు "ఈ రేటింగ్‌ని ఎంత నమ్మొచ్చు" అనే ఇంకో అంకె కూడా ఉంటుంది, కొన్ని నెలలు ఆడకపోతే ఆ నమ్మకం తగ్గుతుంది, అందుకే మళ్ళీ వచ్చి ఆడినప్పుడు ఒక్కో గేముకి రేటింగ్ ఎగిరెగిరి పడతా ఉంటుంది. లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో కొత్త అకౌంట్ 1500తో మొదలవుతుంది, కాబట్టి ఒక సైట్ రేటింగ్ తీసుకొచ్చి ఇంకో సైట్ పక్కన పెట్టి బాధపడాల్సిన పనే లేదు. బావకి ఇది చెప్పగానే సగం దిగులు పోయింది.

ఇంక అసలు గేము. నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉండేది ఇదే, ఏడు ఎత్తుల్లో ఓడిపోయింది. బావ తెల్లపావులు, బంటు ఈ4, వాళ్ళు ఈ5, గుర్రం ఎఫ్3, వాళ్ళ గుర్రం సీ6, బావ ఒంటె సీ4. ఇది ఇటాలియన్, బావకి బాగా ఇష్టమైన ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి. ఇప్పుడు వాళ్ళు చేసింది విచిత్రంగా ఉంటుంది, సీ6లో గుర్రాన్ని డీ4లోకి దూకించినారు. దాంతో ఈ5 బంటుకి కాపలా లేదు, ఊరికే వస్తా ఉంది. బావ గుర్రంతో తినేసినాడు. వాళ్ళ మంత్రి జీ5కి వచ్చింది. ఇప్పుడు బోర్డు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది, తెల్ల గుర్రం ఎఫ్7కి దూకితే ఒకే దెబ్బకి జీ5లో మంత్రినీ హెచ్8లో ఏనుగునీ రెండింటినీ పట్టుకుంటుంది. బావ ఆలోచించకుండా దూకించినాడు. వాళ్ళ మంత్రి జీ2 బంటుని తినింది, హెచ్1లో ఏనుగు పోతుందని బావ దాన్ని ఎఫ్1కి జరిపినాడు, మంత్రి ఈ4 బంటు తిని చెక్ ఇచ్చింది, బావ ఒంటెని ఈ2లో అడ్డం పెట్టినాడు, గుర్రం ఎఫ్3కి వచ్చింది, మేట్, ఆట అయిపోయింది. ఆ గుర్రాన్ని ఈ2లో ఉన్న ఒంటె తినొచ్చు కదా అంటే తినలేదు, అది జరిగితే ఈ4లో ఉన్న మంత్రి నేరుగా రాజు మీదికి వస్తుంది. రాజు చుట్టూ సొంత పావులే నిండిపోయి కదలడానికి ఒక్క గడి కూడా లేదు.

దీనికి బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గాంబిట్ అని పేరు, చానా పాత ఉచ్చు. నల్లవాళ్ళ గుర్రం డీ4కి రాగానే దాన్ని మన గుర్రంతో మార్చేసుకుంటే తెల్లవాళ్ళదే పైచేయి, అసలు ఉచ్చే లేదు. దీన్ని బట్టీ పట్టించి వదిలేయొచ్చు, కానీ నేను బావని అడిగింది వేరే: "ఎఫ్7కి దూకేముందు నీ కళ్ళు యాడున్నాయి బావా?" కొంచేపు ఆలోచించి, "ఎఫ్7, జీ5, హెచ్8, అంతే. జీ2 నాకు కనపడనే లేదు" అన్నాడు. జీ2 బోర్డు మీద తన రాజుకి దగ్గర్లోనే ఉండే గడి. వాళ్ళ మంత్రి నేరుగా దాని వైపే చూస్తా ఉంది.

దీని మీద 2008లో బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబే అనే ముగ్గురు చేసిన పరిశోధన ఒకటుంది, నాకు చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. గట్టి ఆటగాళ్ళకి ఒక పొజిషన్, అంటే బోర్డు మీద పావుల అమరిక, ఇచ్చినారు, దాంట్లో అందరికీ తెలిసిన పాత పద్ధతి మేట్ ఒకటుంది, అంతకన్నా చిన్నది, మూడెత్తుల మేట్ ఇంకొకటి ఉంది. చాలామంది తెలిసినదాన్ని వెంటనే కనిపెట్టి, ఇంకా చిన్నదారి కోసం వెతుకుతా ఉన్నాం అని చెప్పినారు. వాళ్ళ చూపు యాడ పడతా ఉందో మెషీన్‌తో కొలిస్తే, కళ్ళు మళ్ళీ మళ్ళీ ఆ మొదటి దారికి సంబంధించిన గడుల మీదికే పోతా ఉన్నాయి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నిజంగానే వెతుకుతా ఉన్నాం అనుకున్నారు. తెలిసిన దారి మూసేసిన ఇంకో పొజిషన్ ఇస్తే అదే మనుషులు చిన్నదారిని పట్టుకోగలిగినారు. అంటే తెలియక కాదు, ఒక మంచి ఆలోచన వచ్చి కూర్చుంటే అది ఇంకోదాన్ని రానీయదు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ఐన్‌స్టెలుంగ్ ఎఫెక్ట్ అంటారు, లూచిన్స్ అనే ఆయన 1942లోనే నీళ్ళ కూజాల లెక్కలతో దీన్ని చూపించినాడు.

మరి బావకి ఎఫ్7 అంత వేగంగా ఎందుకు కనపడింది? ఈడే ఆయన బలం ఉంది, దీన్ని నేను తక్కువ చేసి చెప్పను. వేలకొద్దీ ఇటాలియన్ గేములు ఆడి ఆడి, సీ4లో ఒంటె, ఈ5లోనో జీ5లోనో గుర్రం, ఎదురుగా ఎఫ్7 బంటు, ఇవన్నీ ఆయనకి విడివిడి పావుల్లాగా కాకుండా ఒకే బొమ్మలాగా కనపడతాయి. హాలండ్ సైకాలజిస్టు డి గ్రూట్ 1946లో తన థీసిస్‌లో ఆటగాళ్ళని పైకి మాట్లాడతా ఆలోచించమని చూసినాడు, గ్రాండ్‌మాస్టర్లు మామూలు మంచి ఆటగాళ్ళకన్నా మరీ ఎక్కువ ఎత్తులేమీ లెక్కపెట్టడం లేదు, మొదటినించే సరైన ఎత్తుల వైపు చూస్తా ఉన్నారు, తేడా అదే. తర్వాత 1973లో ఛేజ్, సైమన్ (ఈ హెర్బర్ట్ సైమన్‌కే 1978లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది) బోర్డుని అయిదు సెకన్లు చూపించి మూసేసి మళ్ళీ పేర్చమన్నారు. నిజమైన గేములోని పొజిషన్ అయితే మాస్టర్ ఒక్క చూపుకి 16 పావుల దాకా సరిగ్గా పెట్టినాడు, మధ్యరకం ఆటగాడు 8, కొత్తవాడు 4. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే మాస్టర్ గొప్పతనం దాదాపు మాయమైపోయింది. అంటే మాస్టర్‌కి జ్ఞాపకశక్తి ఎక్కువ ఉండడం కాదు, ఆయన మెదడులో ముక్కలు ముక్కలుగా బొమ్మలు పేర్చి ఉన్నాయి. తిరుమల ఘాట్ రోడ్డులో రోజూ బండి తోలే డ్రైవరన్నని అడగండి, ఆయన రోడ్డుని కిలోమీటర్లలో చెప్పడు, మలుపుల్లో చెప్తాడు, ప్రతి మలుపూ ఆయనకి మనిషి ముఖం గుర్తున్నట్టు గుర్తుంటుంది.

బావకి ఎఫ్7 చుట్టూ మలుపులన్నీ తెలుసు. ఆ మూల మీద దాడికి దిగితే 1400 వాళ్ళనీ ఓడిస్తాడు, నా కళ్ళతో చూసినాను. ఇంకో బలం, ఇది రేటింగ్‌లో కనపడదు, ఓడిపోయే పొజిషన్‌లో కూడా చేతులెత్తేయడు, ఏనుగు తక్కువున్నా ఎదుటివాళ్ళకి ప్రతి ఎత్తులోనూ ఏదో ఒక చిక్కు పెడతా ఉంటాడు, అట్లా తిప్పుకున్న గేములు చాలా ఉన్నాయి. కానీ ఈ రెండు బలాలకీ ఒకే వేరు, చూపంతా ముందుకే, వాళ్ళ రాజు వైపుకే. తన రాజు చుట్టూ ఉండే గడుల బొమ్మలు ఆయన మెదడులో తయారవ్వలేదు, ఎందుకంటే ఆయన వాటిని ఎప్పుడూ చూడలేదు కాబట్టి. వెనక్కి వచ్చే గుర్రం, వెనక్కి వచ్చే ఒంటె, వీటికి పోయినన్ని పావులు దేనికీ పోలేదని నోట్‌బుక్ తిరగేస్తే తెలిసిపోతుంది. అటాకింగా పొజిషనలా అనే ప్రశ్నకి నేనిచ్చిన జవాబు ఇదే, బావా నీది సగం బోర్డు ఆట.

టైము సంగతి కూడా కొంచెం చెప్పాలి. పది నిమిషాల గేములో ఓడిపోయేటప్పటికి బావ గడియారంలో ఆరు ఏడు నిమిషాలు మిగిలే ఉంటాయి. రేణిగుంట దాటినాక ఒకచోట సిగ్నల్ పోతుందని ఆయనకి భయం, దాంతో గబగబా ఆడేస్తాడు, ఆ అలవాటు ఇంట్లో వైఫై మీద కూడా పోలేదు. ఇంట్లో ఆడేటప్పుడన్నా పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు కలిసే గేములు ఆడమన్నాను. ఇట్లా ఎత్తుకి కొన్ని సెకన్లు కలిపే గడియారానికి బాబీ ఫిషర్ 1989లో పేటెంట్ తీసుకున్నాడు, ఆఖర్లో గడియారం కోసం కాకుండా బోర్డు కోసం ఆడనివ్వాలన్నదే దాని ఉద్దేశం.

ఇంక ఎండ్‌గేమ్, అంటే కొన్ని పావులే మిగిలే ఆట ఆఖరి భాగం, బావకి అస్సలు ఇష్టం లేనిది. ఒక గేములో అన్నీ తుడిచిపెట్టుకుపోయి బావ రాజు డీ2లో, ఒకే ఒక్క బంటు ఈ2లో, వాళ్ళ ఒంటరి రాజు ఈ7లో ఉన్నాయి, ఎత్తు బావదే. ఇది గెలిచే గేము. బావ బంటుని రెండు గడులు తోసి ఈ4లో పెట్టినాడు, వాళ్ళ రాజు ఈ6కి వచ్చింది, తర్వాత ఎంత తన్నుకున్నా డ్రానే. మొదట రాజు డీ3కి నడిచుంటే సరిపొయ్యేది. వాళ్ళు ఈ6కి వస్తే మనం ఈ4, వాళ్ళు డీ6కి వస్తే మనం డీ4. రాజు ముందు నడవాలి, బంటు వెనక రావాలి. అప్పుడు వాళ్ళ రాజు ఎదురుగా నిలబడినా బంటుని ఒక్క గడి జరిపే వీలు మన చేతిలో మిగిలుంటుంది, ఆ ఒక్క ఎత్తుతో వాళ్ళు పక్కకి తప్పుకోవాల్సిందే. బంటుని ముందే పరిగెత్తిస్తే ఆ మిగులు ఎత్తు ఖర్చయిపోతుంది. బావ దీన్ని మిద్దె మీద నిజం బోర్డు పెట్టుకుని, నేను నల్ల రాజుని ఆడతా ఉంటే, ఇరవై సార్లన్నా ఆడినాడు, పదో సారికి చెయ్యి దానంతటదే రాజు మీదికి పోవడం మొదలైంది.

ఇట్లాంటివి చిన్నపిల్లల పాఠాలు అనుకునేవాళ్ళకి 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగింది గుర్తు చేస్తా. ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేము, డ్రా అయిపోతుందని అందరూ అనుకుంటా ఉంటే, అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2కి జరిపినాడు. గుకేశ్ ఏనుగుల్ని మార్చుకుని, ఒంటెల్ని కూడా మార్చుకునేట్టు చేసినాడు, మిగిలింది రాజులూ బంట్లే, అది గుకేశ్ గెలిచే ఎండ్‌గేమ్. పద్దెనిమిదేళ్ళ మన పిల్లోడు ప్రపంచ చాంపియన్ అయిపోయినాడు. ఆ వీడియో బావా నేనూ ఎన్నిసార్లు చూసినామో లెక్కలేదు, ఆ ఎత్తు చూసి గుకేశ్ మొహం మారే క్షణం దగ్గర ప్రతిసారీ ఆపుతాం.

గేము అయిపోగానే బావ చేసే మొదటి పని స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) అనాలిసిస్ బటన్ నొక్కడం. ఎర్ర గుర్తులు చూస్తాడు, "ఓహో ఈడ తప్పా" అంటాడు, ఇంకో గేము మొదలుపెడతాడు. ఇంజన్ గొప్పదే, ఏ మనిషికన్నా బాగా ఆడుతుంది, కానీ అది చెప్పేది తప్పు ఏ ఎత్తులో జరిగిందో, ఎంత నష్టమో, అంతే. ఆ ఎత్తప్పుడు నీ కళ్ళు యాడున్నాయో దానికి తెలీదు, ఆ సంగతి ప్రపంచంలో ఒక్క బావకే తెలుసు, అది కూడా గేము అయిన అయిదు నిమిషాల్లోపే గుర్తుంటుంది. అందుకే ఇంజన్ నొక్కేముందు నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయమన్నాను, ఏం చూసినావు, ఏం చూడలా. బస్సులో అయితే ఫోన్‌లోనే తనకి తాను వాయిస్ మెసేజ్ పెట్టుకుంటాడు. దాంతో పాటు ప్రతి ఎత్తుకీ ముందు ఒక్క ప్రశ్న, "వాళ్ళు ఇప్పుడు ఆడింది ఎందుకు ఆడినారు?" చెక్ ఉందా, తినేది ఉందా, బెదిరింపు ఉందా, ఇవి వాళ్ళ వైపు నించి చూడాలి, మన వైపు నించి కాదు.

ఇది చెప్పినంత సులువు కాదు. మొదటి రెండు వారాలు రేటింగ్ 1110కి పడిపోయింది, టైము సరిపోక గేములు పోయినాయి, బావకి చానా చిరాకు కూడా వచ్చింది, "నా ఆట నాకే మర్చిపోయేట్టుండాది" అన్నాడు. కొత్తగా చూడడం నేర్చుకునేటప్పుడు పాత వేగం పోవడం మామూలే, కారు నేర్చుకునే వాళ్ళు గేరు మార్చేటప్పుడు మాట్లాడలేరు కదా, అట్లా.

నిన్న సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చినాడు. ఇటాలియన్‌లో మళ్ళీ ఎవరో గుర్రాన్ని డీ4కి దూకించినారంట, ఈ5 బంటు ఊరికే వస్తా ఉందంట. "చెయ్యి పొయ్యింది అబ్బయ్యా, వెనక్కి తీసుకున్నా, ముప్పై సెకన్లు జీ2 వైపే చూస్తా కూర్చున్నా" అన్నాడు. గుర్రాన్ని గుర్రంతో మార్చుకున్నాడంట. ఆ గేము నలభై ఎత్తులు దాటింది, ఆఖర్న వాళ్ళ ఒంటె మూల నించి వెనక్కి వచ్చి బావ ఏనుగుని తినేసింది. నోట్‌బుక్ తీసి నా ముందరే రాసినాడు, "ఒంటె వెనక్కి. చూడలా."